నొప్పిని ఎక్కడ ఆపాలి?

కొత్త నొప్పి మందు నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చాలంటే పరిశోధకులు ముందుగా వెతికేది రెండు రకాల ఆపరేషన్లు చేయించుకునేవాళ్లని. కాలి బొటనవేలి మొదట్లో పక్కకి పొడుచుకొచ్చిన ఎముకను సరిచేయించుకునేవాళ్లు ఒక రకం. పొట్ట మీద వేలాడే చర్మాన్ని, కొవ్వును కోయించుకునేవాళ్లు రెండో రకం. వినడానికి వింతగా ఉన్నా దీని వెనక లెక్క ఉంది. ఆపరేషన్‌కు ముందు వీళ్లు చాలావరకు ఆరోగ్యంగా ఉన్నవాళ్లే. ఎప్పుడు కోస్తారో, నొప్పి ఎప్పుడు మొదలవుతుందో ముందే తెలుసు. ఒకటి ఎముక నొప్పి, ఇంకొకటి చర్మం, కండల నొప్పి. రెండింటిలోనూ మొదటి రెండు రోజులు బాధ గట్టిగానే ఉంటుంది. మత్తు దిగాక కొందరికి కొత్త మందు, కొందరికి పాత మందు, మిగిలినవాళ్లకి మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది వెళ్లిందో ఇచ్చేవాళ్లకీ తెలియదు, మింగేవాళ్లకీ తెలియదు. ఆపైన 48 గంటల పాటు మళ్లీ మళ్లీ ఒకటే ప్రశ్న: సున్నా నుంచి పది దాకా వేసుకుంటే ఇప్పుడు మీ నొప్పి ఎంత?

అమెరికాలో వెర్టెక్స్ అనే కంపెనీ ఇలా రెండు వేల మందికి పైగా రోగుల్ని అడిగి రాబట్టిన అంకెలను చూసి, 2025 జనవరి 30న అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సుజెట్రిజీన్ అనే మాత్రకు అనుమతి ఇచ్చింది. బజారులో దాని పేరు జర్నావిక్స్. నల్లమందు వంశానికి (ఓపియాయిడ్లకు) సంబంధం లేని సరికొత్త తరగతి నొప్పి మాత్ర అని పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి. అంకెలను దగ్గరికి తీసుకుని చూస్తే ఆ ఉత్సాహం కొంచెం చల్లబడుతుంది. ఉత్తుత్తి మాత్ర కంటే ఇది మెరుగేనని స్పష్టంగా తేలింది. ఓపియాయిడ్ అయిన హైడ్రోకోడోన్‌, పారాసిటమాల్ కలిపిన పాత మాత్రను మాత్రం మించలేకపోయింది. పొట్ట ఆపరేషన్ వాళ్లలో దానికి సాటిగా నిలబడింది, కాలి ఎముక వాళ్లలో పాత మాత్రదే పైచేయి. విడుదలైనప్పుడు ఒక్కో మాత్ర ధర 15 డాలర్ల 50 సెంట్లు. పాతదాన్ని ఓడించలేని ఖరీదైన మాత్రకి ఇంత హడావుడి ఎందుకని ఎవరైనా అడగొచ్చు. నొప్పిని ఎంత తగ్గించిందన్నది కాసేపు పక్కన పెట్టి, ఎక్కడ ఆపిందో చూస్తే ఆ హడావుడి అర్థమవుతుంది.

వేలు తెగిందనుకోండి. తెగిన చోట దెబ్బతిన్న కణాలు రకరకాల రసాయనాలు వదులుతాయి. చర్మంలో, కండల్లో, కీళ్లలో ప్రమాదాన్ని పసిగట్టడానికే ఉన్న సన్నటి నరాల కొసలు వాటిని అందుకుని విద్యుత్ సంకేతం పుట్టిస్తాయి. అది నరం వెంట వెన్నుపాము దాకా పరుగెత్తి, అక్కడ ఇంకో నరకణానికి కబురు అందిస్తుంది. ఆ కణం దాన్ని మెదడుకి చేరవేస్తేనే మనం ‘అబ్బా’ అంటాం. వేలి దగ్గర ఉన్నంతసేపూ అది ఒట్టి కబురే. నొప్పి అయ్యేది మెదడులో.

ఈ దారిలో ఎక్కడ అడ్డం పడినా నొప్పి ఆగాలి. చిక్కల్లా ఏమిటంటే, దారి పొడవునా కనిపించే రసాయనాల్లో, వాటిని అందుకునే గ్రాహకాల్లో నొప్పి కోసమే పుట్టినవి దాదాపు లేవు. శరీరం మహా పొదుపరి. ఒకే అణువుతో నాలుగు చోట్ల నాలుగు పనులు చేయించుకుంటుంది. నొప్పి దగ్గర దాని చెయ్యి పట్టుకుని ఆపితే మిగతా చోట్ల పనులూ ఆగిపోతాయి. సైడ్ ఎఫెక్ట్ అని మనం తిట్టుకునేది చాలాసార్లు ఇదే. మందు దారి తప్పి చేసిన అల్లరి అనుకుంటాం గానీ, అది తనకు అప్పగించిన పనినే మనం కోరని చోట కూడా చేస్తూ ఉంటుంది.

మనం మెడికల్ షాపులో ‘ఒళ్లు నొప్పులకి రెండు మాత్రలివ్వండి’ అని అడిగి తెచ్చుకునేవాటి సంగతే చూడండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, అసిక్లోఫెనాక్, అన్నింటికీ పెద్దన్న లాంటి ఆస్పిరిన్. బేయర్ కంపెనీ ఆస్పిరిన్‌కు 1899లో ఆ పేరు పెట్టింది. అది ఎలా పనిచేస్తుందో తెలియడానికి మాత్రం 1971 దాకా ఆగాల్సి వచ్చింది. లండన్‌లో జాన్ వేన్ దాన్ని తేల్చాడు. గాయమైన చోట ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు పుట్టి నరాల కొసలను రెచ్చగొడతాయి. మామూలుగా నొప్పి అనిపించని చిన్న తాకిడి కూడా వాటి వల్ల పోటులా తగులుతుంది. ఆస్పిరిన్, దాని తమ్ముళ్లు ఆ ప్రోస్టాగ్లాండిన్లను తయారుచేసే ఎంజైమునే ఆపేస్తాయి. ఈ పనికి వేన్‌కు 1982లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది.

కానీ ప్రోస్టాగ్లాండిన్లకు ఇంకా చాలా కొలువులున్నాయి. కడుపు లోపలి పొర తన ఆమ్లానికి తానే కాలిపోకుండా కాపాడేవి అవే. కిడ్నీ దగ్గర వాటి పని ఇంకా కీలకం. ఒంట్లో నీరు తగ్గినప్పుడు, కిడ్నీలోకి రక్తం తెచ్చే నాళం ముడుచుకుపోకుండా పట్టి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లే. ఎండలో చెమటోడ్చి, చాలినన్ని నీళ్లు తాగని మనిషి సాయంత్రం ఒళ్లు నొప్పులకి ఒక డైక్లోఫెనాక్ వేసుకున్నాడంటే, కిడ్నీకి ఆ ఆసరా అత్యవసరమైన వేళకే లాగేశాడన్నమాట. ఎప్పుడో ఒకసారి అయితే కిడ్నీ కోలుకుంటుంది. రోజూ అయితే కష్టం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇన్ని కుటుంబాలను ఛిద్రం చేసిన కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. నీళ్లు, ఎండలో చాకిరీ, పురుగుమందులతో పాటు విచ్చలవిడిగా మింగే నొప్పి మాత్రల పేరు కూడా అనుమానితుల జాబితాలో ఉంది. దోషి అవేనని చెప్పలేం. తోడు దొంగలు కాదని కూడా చెప్పలేం. రాబందుల విషయంలో మాత్రం అనుమానమే లేదు. డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువుల కళేబరాలు తిని, కిడ్నీలు చెడి అవి గుంపులు గుంపులుగా చచ్చిపోయాయని 2004లో రుజువైంది. పశువుల వైద్యంలో ఆ మందును మన ప్రభుత్వం 2006లో నిషేధించింది.

ప్రోస్టాగ్లాండిన్లను తయారుచేసే ఆ ఎంజైము ఒకటి కాదు, రెండు రకాలని 1990ల మొదట్లో తెలిసింది. కాక్స్-1 కడుపులో, ప్లేట్‌లెట్లలో ఎప్పుడూ పనిలో ఉంటుంది. కాక్స్-2 ముఖ్యంగా వాపు, గాయం ఉన్న చోట పుట్టుకొస్తుంది. ఇక దారి దొరికిందనే అనుకున్నారు. కాక్స్-1ని ముట్టుకోకుండా కాక్స్-2ని ఒక్కదాన్నే ఆపితే కడుపుకి పుండు పడదు, నొప్పీ తగ్గుతుంది. తర్కం చక్కగా ఉంది. మెర్క్ కంపెనీ 1999లో వయాక్స్ తెచ్చింది, కోట్ల మంది వాడారు. కడుపు విషయంలో చెప్పిన మాట చాలావరకు నిలబెట్టుకుంది కూడా. దెబ్బ తగిలింది గుండెకి. రక్తనాళాల గోడల్లో గడ్డలు కట్టకుండా చూసే ప్రోస్టాసైక్లిన్ తయారీకి కాక్స్-2 కావాలి. గడ్డ కట్టించే త్రాంబాక్సేన్‌ను ప్లేట్‌లెట్లు కాక్స్-1తో తయారుచేసుకుంటాయి. మొదటిదాన్ని ఆపి రెండోదాన్ని వదిలేస్తే తూకం గడ్డల వైపు మొగ్గుతుంది. గుండెపోట్లు ఎక్కువవుతున్నాయన్న సూచన 2000లో వెలువడిన అధ్యయనంలోనే కనబడింది. పోల్చి చూసిన పాత మందు నాప్రోక్సెనే గుండెను కాపాడి ఉంటుందని, వయాక్స్ తప్పేమీ లేదని కంపెనీ వాదించింది. చివరికి 2004 సెప్టెంబర్ 30న బజారు నుంచి వెనక్కి తీసుకుంది. 2007లో బాధితులతో రాజీకి 485 కోట్ల డాలర్లు కట్టేందుకు ఒప్పుకుంది. శాస్త్రం తప్పటడుగు వేయడం మామూలే. కనబడిన సూచనను నాలుగేళ్లు వాదనలతో నెట్టుకు రావడాన్ని మాత్రం తప్పటడుగు అనలేను.

ఇప్పుడు వెన్నుపాముకి, అక్కడి నుంచి ఇంకా పైకి పోదాం. గసగసాల కాయ పాలలోంచి వచ్చే నల్లమందు, అందులోంచి తీసిన మార్ఫిన్ పనిచేసేది ఎక్కువగా అక్కడే, వెన్నుపాములో, మెదడులో. మార్ఫిన్ అతుక్కునే గ్రాహకాలు మన నరకణాల మీద ఉన్నాయని 1973లో అమెరికాలో తేలింది. మొక్కలో పుట్టిన పదార్థం కోసం మన ఒంట్లో గ్రాహకం ఎందుకుంది? రెండేళ్లలో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్లిట్జ్ పందుల మెదళ్లలోంచి ఎన్‌కెఫలిన్లు అనే పదార్థాలు వేరుచేసి దానికి జవాబిచ్చారు. శరీరం తన నల్లమందు తానే కాచుకుంటుంది. ఆ గ్రాహకాలు నొప్పి దారిలోనే ఉండి ఉంటే ఇబ్బంది లేదు. ఊపిరి లయను నడిపించే మెదడు మొదలు భాగంలో ఉన్నాయి, పేగుల్లో ఉన్నాయి, సుఖాన్ని గుర్తుపెట్టుకునే భాగాల్లో ఉన్నాయి. ఒక ఇంట్లో కొళాయి కారుతోందని ఊరి వాటర్ ట్యాంకు వాల్వు కట్టేసినట్టు ఉంటుంది మార్ఫిన్ పని. నొప్పి పోతుంది, పేగులు బిగుసుకుపోతాయి, మోతాదు మించితే ఊపిరి ఆగుతుంది, మళ్లీ కావాలన్న తహతహ మిగులుతుంది.

అమెరికాలో ఈ తహతహ ఏం చేసిందో ప్రపంచమంతా చూసింది. 1990ల చివర్లో ఆక్సీకాంటిన్ లాంటి ఓపియాయిడ్ మాత్రలను డాక్టర్లు మామూలు నడుం నొప్పులకి కూడా రాసి ఇచ్చారు. అలవాటు పడినవాళ్లు హెరాయిన్‌కి, తర్వాత దొంగచాటుగా తయారైన ఫెంటనిల్‌కి మళ్లారు. 2022 ఒక్క ఏడాదిలోనే అక్కడ ఓపియాయిడ్ల వల్ల 80 వేల మందికి పైగా చనిపోయారు. మన దేశంలో కథ తలకిందులు. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చాక కాగితాల గొడవకి భయపడి ఆస్పత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. 1997 నాటికి దేశం మొత్తం మీద ఏడాదికి వైద్యంలో వాడిన మార్ఫిన్ 18 కిలోలకి పడిపోయింది. అంటే ఆఖరి దశ కేన్సర్ రోగులు లక్షల మంది అరుస్తూ పోయారు. 2014లో చట్టాన్ని సవరించి కొంత సడలించారు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే కేన్సర్ ఆస్పత్రి లాంటివి ఉపశమన చికిత్సా విభాగాలు నడుపుతూ మార్ఫిన్ ఇస్తున్నాయి. ఓపియాయిడ్ల మీద అమెరికాలో పుట్టిన భయం ఇక్కడికి దిగుమతి అయి ఆ కాస్త వెసులుబాటునూ మింగేస్తే అంతకంటే అన్యాయం లేదు. కేన్సర్ నొప్పికి మార్ఫిన్‌ను మించిన చవకైన మందు ఇంకా రాలేదు.

మార్ఫిన్‌లో మంచిని ఉంచి చెడును తీసేసే ప్రయత్నాలకు లోటు లేదు. గ్రాహకానికి మందు అతుక్కోగానే కణం లోపల రెండు దారుల్లో సంకేతాలు వెళతాయి. బీటా అరెస్టిన్-2 అనే ప్రొటీన్ దారి ఒకటి. ఆ ప్రొటీన్ లేకుండా పుట్టించిన ఎలుకలకి మార్ఫిన్ ఇస్తే నొప్పి ఎక్కువసేపు తగ్గిందని 1999లో లారా బోన్ బృందం చూపింది. ఊపిరి సమస్య, మలబద్ధకం కూడా తక్కువేనని తర్వాతి ప్రయోగాలు చెప్పాయి. చెడంతా ఆ ఒక్క దారిలోనే ఉందని నమ్మి, రెండో దారినే వాడే మందుల కోసం కంపెనీలు పరుగులు తీశాయి. అలా వచ్చిన ఒలిసెరిడిన్‌కు 2020లో అనుమతి దొరికింది. అదే ఏడాది వేర్వేరు దేశాల్లోని మూడు ప్రయోగశాలలు పాత ఎలుకల ప్రయోగాన్ని మళ్లీ చేసి చూశాయి. ఆ ప్రొటీన్ లేకపోయినా మార్ఫిన్ ఊపిరిని అలాగే అణిచేసింది! ఇరవై ఏళ్ల ఆశకు పునాదిరాయే కదిలిపోయింది. ఒలిసెరిడిన్ పెట్టె మీద మార్ఫిన్ పెట్టె మీద ఉండే హెచ్చరికల లాంటివే ఉంటాయి.

పైన ఆపితే ఇంత రభస కాబట్టి, పరిశోధకులు కబురు పుట్టే చోటికే, నరాల కొసల దగ్గరికే తిరిగి వచ్చారు. ఇక్కడ మన మిరపకాయ రంగంలోకి దిగుతుంది. గుంటూరు మిర్చి యార్డులో బస్తాల మధ్య పనిచేసేవాళ్ల చేతులు నిప్పులో పెట్టినట్టు ఎందుకు మండుతాయో 1997లో శాన్ ఫ్రాన్సిస్కోలో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. మిరపలోని క్యాప్సైసిన్ నరాల కొసల మీద టీఆర్‌పీవీ1 అనే తలుపును తెరుస్తుంది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తెరిచేది కూడా సరిగ్గా ఆ తలుపునే. కాబట్టి కారాన్ని మంట అనడం కవిత్వం కాదు, నరానికి రెండూ ఒకటే. పక్షుల్లో ఈ తలుపు క్యాప్సైసిన్‌కు తెరుచుకోదు, అందుకే చిలకలు పచ్చి మిరపకాయల్ని జామకాయల్లా కొరికేస్తాయి. జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది.

ఆ తలుపు మూసేస్తే నొప్పి ఆగుతుందిగా! చాలా కంపెనీలు మూసే మందులు తయారుచేశాయి. మింగినవాళ్లకి జ్వరం వచ్చింది. ఆమ్‌జెన్ కంపెనీ మందుతో కొందరికి ఒంటి వేడి 40 డిగ్రీలు దాటిపోయింది. శరీరం తన ఉష్ణోగ్రతను సర్దుకోవడానికి కూడా అదే తలుపు మీద ఆధారపడుతుందని అప్పుడే బాగా తెలిసొచ్చింది. మరికొన్ని మందులతో వేడి తెలియకుండా పోయింది. చేతిలో గ్లాసు కాలుతోందో లేదో తెలియని మనిషికి మోకాలి నొప్పి తగ్గి లాభమేమిటి? తమాషా ఏమిటంటే, తలుపును మూసే మందులన్నీ మూలపడ్డాక, దాన్ని విపరీతంగా తెరిచే మిరప సారమే మందుగా నిలిచింది. 8 శాతం క్యాప్సైసిన్ ఉన్న పట్టీని గంటసేపు చర్మానికి అంటిస్తే అక్కడి నరాల కొసలు కొన్ని నెలల పాటు చతికిలపడతాయి. సర్పి తగ్గాక కూడా మిగిలిపోయే నరాల నొప్పికి కొన్ని దేశాల్లో వాడుతున్నారు. అది చర్మం దాటి ఒంట్లోకి పెద్దగా పోదు కాబట్టే క్షేమం.

ఇందులో ఒక ఉపాయం ఉంది. పదిచోట్ల పనిచేసే అణువునే ఆపాల్సి వస్తే, మందును ఒక్క చోటికే పరిమితం చేయాలి. పళ్ల డాక్టరు చిగురుకిచ్చే లిగ్నోకెయిన్ అలాంటిదే. కీలు మీద రాసే డైక్లోఫెనాక్ జెల్లు కూడా ఆ బాపతే, మాత్రతో పోలిస్తే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు జెల్లును చిన్నచూపు చూసి మాత్రకే ఓటేయడం మన దగ్గర అలవాటు. అది మారితే ఎన్నో కిడ్నీలు బతుకుతాయని నా అనుమానం.

ఒళ్లంతా తిరిగినా ఒక్క నొప్పినే తాకే మందు కావాలంటే, నొప్పి తప్ప ఇంకో పని తెలియని అణువు దొరకాలి. దాని ఆచూకీ చెప్పింది ఉత్తర పాకిస్తాన్‌లో ఒక పదేళ్ల పిల్లవాడు. వీధిలో జనం ముందు చేతుల్లోకి కత్తులు గుచ్చుకునేవాడు, నిప్పుల మీద నడిచేవాడు, నొప్పి అన్నదే తెలియదు. కేంబ్రిడ్జ్‌లో జన్యు వైద్యుడు జెఫ్రీ వుడ్స్ బృందం అతణ్ని పరీక్షించే లోపే, పద్నాలుగేళ్ల ప్రాయంలో ఒక ఇంటి కప్పు మీంచి దూకి చనిపోయాడు. నొప్పి లేని బతుకు ఎంత పొట్టిదో చెప్పడానికి వేరే ఉదాహరణ అక్కర్లేదు. ఆ పిల్లవాడి బంధువర్గాల్లో అలాంటి లక్షణమే ఉన్న ఇంకొందరు పిల్లల్ని పరిశీలించి, ఎస్‌సీఎన్9ఏ అనే జన్యువు వాళ్లలో చెడిపోయిందని ఆ బృందం 2006లో ప్రకటించింది. నరంలో విద్యుత్ సంకేతం పుట్టాలంటే సోడియం అయాన్లు లోపలికి రావాలి. అవి వచ్చే ద్వారాలను సోడియం ఛానళ్లు అంటారు. అవి తొమ్మిది రకాలు. ఈ జన్యువు తయారుచేసేది నావ్1.7 అనే ఛానల్.

ఇదే జన్యువు ఇంకో రకంగా చెడిన కుటుంబాలు కూడా ఉన్నాయి. వాళ్లలో ఆ ఛానల్ అతి సులువుగా తెరుచుకుంటుంది. కొంచెం వెచ్చదనానికే పాదాలు, చేతులు ఎర్రబడి నిప్పుల్లో పెట్టినట్టు మండుతాయి. మంట చల్లారడానికి కొందరు మంచు నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటారు. దీనికి కారణం ఆ జన్యువేనని 2004లో చైనా శాస్త్రజ్ఞులు చెప్పారు, అది ఎలా జరుగుతుందో యేల్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ వాక్స్‌మన్ బృందం వివరించింది. మూసుకుపోతే నొప్పి శూన్యం, తెరిచి ఉంటే నరకం. మందుల కంపెనీలకు ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? ఫైజర్ సహా ఎన్నో పెద్ద కంపెనీలు నావ్1.7 వెంట పడ్డాయి.

ఒక్క మందూ గట్టెక్కలేదు. ఛానల్‌ను మూస్తున్నాయి, నొప్పి మాత్రం అనుకున్నంత తగ్గడం లేదు. 2015లో లండన్ శాస్త్రజ్ఞులు పుట్టుకతోనే ఈ ఛానల్ లేని ఒక మహిళకు నలోక్సోన్ ఇచ్చి చూశారు. ఓపియాయిడ్ గ్రాహకాలను మూసేసే మందు అది. మార్ఫిన్ మోతాదు మించినవాళ్లకి ప్రాణం పోసేది అదే. జీవితంలో నొప్పి ఎరగని ఆమెకు మొదటిసారి నొప్పి తెలిసింది! అంటే ఆమెలో నొప్పిని అణిచిపెట్టిన వాటిలో శరీరం కాచుకున్న సొంత నల్లమందుకి కూడా వాటా ఉంది. పుట్టుక నుంచి ఒక ఛానల్ లేకుండా పెరిగిన ఒళ్లు, నలభయ్యో ఏట మాత్రతో దాన్ని మూసుకున్న ఒళ్లు ఒకటి కావు. పైగా ఈ ఛానల్ లేనివాళ్లకి వాసన కూడా తెలియదు. ముక్కులోనూ దీనికి కొలువుంది మరి.

ఈ గందరగోళం సాగుతుండగా లండన్ యూనివర్సిటీ కాలేజీలో జాన్ వుడ్ బృందం 1996లోనే గుర్తించిన ఇంకో ఛానల్ మెల్లగా ముందుకొచ్చింది. అది నావ్1.8. సోడియం ఛానళ్లలో 1.5 గుండెలో ఉంటుంది, 1.4 కండల్లో ఉంటుంది, 1.1, 1.2, 1.6 మెదడులో పనిచేస్తాయి. లిగ్నోకెయిన్ వీటన్నింటినీ కలిపి మూసేస్తుంది. అందుకే చిగురులోకి ఇస్తే మందు, అదే మోతాదు మించి రక్తంలో కలిస్తే గండం. నావ్1.8 మాత్రం దాదాపుగా వెన్నుపాముకి బయటే, నొప్పిని మోసే నరాల్లోనే కనిపిస్తుంది. మెదడులో దాని జాడ అంతంత మాత్రం. నొప్పి సంకేతం మళ్లీ మళ్లీ పుట్టడానికి కావలసిన కరెంటులో ఎక్కువ భాగం దానిదే. వెతుకుతున్న అణువు ఇదే కావచ్చు.

ఛానళ్లన్నీ అక్కచెల్లెళ్లలా ఒకే పోలికతో ఉంటాయి కాబట్టి ఒకదాన్నే ముట్టుకునే మందు చేయడం మహా కష్టం. వెర్టెక్స్ ఇంతకు ముందు ఇదే పని మీద తయారుచేసిన అణువులు కొన్నింటిని మధ్యలోనే వదిలేసింది. సుజెట్రిజీన్ ఛానల్ రంధ్రాన్ని మూయదు. పక్కన వోల్టేజీని పసిగట్టే భాగానికి అతుక్కుని, ఛానల్‌ను మూసిన స్థితిలోనే పట్టి ఉంచుతుంది. మిగతా సోడియం ఛానళ్లతో పోలిస్తే నావ్1.8 మీద దాని ప్రభావం 31 వేల రెట్లకు పైగా ఎక్కువ. పరీక్షల్లో దురద, కండరాలు పట్టేయడం, దద్దుర్ల లాంటివి కనిపించాయి. మెదడు జోలికి పోదు కాబట్టి మత్తు, వ్యసనం, ఊపిరి ఆగడం వంటివి ఉంటాయని అనుకోవడానికి కారణం లేదు. కాలేయంలో ఒక ఎంజైము దీన్ని విడగొడుతుంది కాబట్టి దాన్ని గట్టిగా అడ్డుకునే మందులతో, ద్రాక్షపండు పేరుతో పిలిచే నిమ్మజాతి పండు గ్రేప్‌ఫ్రూట్‌తో కలిపి వాడకూడదు. మొత్తం మీద ఇంత శుభ్రమైన నొప్పి మాత్ర ఇంతకు ముందు లేదు.

శుభ్రతకు ఖరీదు బలంలో కట్టాల్సి వచ్చింది. నొప్పి దారిలో ఒక్క మెట్టునే ఆపితే కబురు పూర్తిగా ఆగిపోదు, పక్క ఛానళ్లు కొంత మోసుకుపోతూనే ఉంటాయి. ఓపియాయిడ్‌ను మించలేకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. పైగా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది ఆపరేషన్ లాంటివాటి తర్వాత కొద్దిరోజులు ఉండే నొప్పికే. ఏళ్ల తరబడి వదలని నొప్పి సంగతి వేరు. 2024 డిసెంబర్‌లో సయాటికా, అంటే నడుము నుంచి కాలిలోకి దిగే నరాల పోటు ఉన్నవాళ్ల మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. పన్నెండు వారాలు సుజెట్రిజీన్ వాడినవాళ్లలో నొప్పి పది మార్కుల లెక్కలో 2.02 తగ్గింది. ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 1.98 తగ్గింది. కంపెనీ షేరు ఆ రోజు జారిపోయింది. 2025 ఆగస్టులో అదే కంపెనీ తర్వాతి అణువు వీఎక్స్-993 కూడా కాలి ఎముక పరీక్షలో తప్పింది.

ఉత్తుత్తి మాత్రకు రెండు మార్కుల నొప్పి తగ్గిందంటే రోగులు అబద్ధం చెప్పారని కాదు. 1978లో శాన్ ఫ్రాన్సిస్కోలో జాన్ లెవిన్, న్యూటన్ గోర్డన్, హోవర్డ్ ఫీల్డ్స్ జ్ఞానదంతం పీకించుకున్నవాళ్ల మీద ఒక పరీక్ష చేశారు. ఉత్తుత్తి మందుతోనే ఉపశమనం పొందినవాళ్లకి నలోక్సోన్ ఎక్కిస్తే నొప్పి మళ్లీ పెరిగింది. ‘మందు ఇచ్చారు’ అన్న నమ్మకమే శరీరం చేత తన సొంత నల్లమందును విడుదల చేయిస్తోందన్నమాట. నొప్పి మందుల పరీక్షలన్నీ ఈ చిక్కులోనే పడుతున్నాయి. శరీరం తన సొంత మందు తీసిపెట్టి పోటీకి దిగుతుంటే, బయటి నుంచి వచ్చిన నిదానపు మందుకి తన సత్తా చూపించే చోటు మిగలదు. దీర్ఘకాలపు నొప్పిలో రోగి ఆశ, డాక్టరు పలకరింపు, వారం వారం పరీక్షకు రావడం కూడా నొప్పిని తగ్గిస్తాయి. వాటిని ఏ రసాయన శాస్త్రజ్ఞుడూ మాత్రలోంచి విడదీయలేడు.

ప్రస్తుతం సుజెట్రిజీన్ ముందున్న పెద్ద పరీక్ష మధుమేహం వల్ల వచ్చే నరాల నొప్పి. అరికాళ్ల మంటలు, రాత్రిపూట సూదులు గుచ్చినట్టు పోట్లు, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోవడం: మన దగ్గర షుగరు వ్యాధి ఎంత విస్తరించిందో చూస్తే ఈ బాధ తెలియని వీధి ఉండదనిపిస్తుంది. ఇప్పుడు ఎక్కువగా రాసే ప్రీగాబలిన్ నొప్పిని కొంత తగ్గిస్తుంది, దాంతో పాటు పగలంతా మగత, తల తిరుగుడు తెస్తుంది. పొద్దున్నే ఆటో నడపాల్సినవాడికి అది పనికొచ్చే బేరం కాదు. రెండో దశలో సుజెట్రిజీన్ వాడినవాళ్లకి కూడా నొప్పి సుమారు రెండు మార్కులు తగ్గింది, ప్రీగాబలిన్‌కు దరిదాపుగా. కానీ ఆ పరీక్షలో ఉత్తుత్తి మాత్ర గుంపే లేదు. మూడో దశలో దాన్ని చేర్చారు. సయాటికా ఫలితం చూశాక, ఈ పరీక్ష అంకెలు బయటికి వచ్చిన రోజున నేను ముందుగా వెతికేది ఆ గుంపు అంకెనే.